వెనుక సగం ముందాడిన యుద్ధం

మొన్న ఆదివారం మా అమ్మాయి టీవీకి ఫోను తగిలించి, యుద్ధం వద్దని చెప్పే ఓ పాత నలుపు తెలుపు విదేశీ సినిమా పెట్టింది. పది నిమిషాలు చూశానో లేదో, ఇది తలకిందులుగా ఆడుతోంది, ముందు కుర్రాళ్లు చచ్చిపోవాలి, ఆ తరవాతే ఇల్లు విడిచి బయలుదేరాలి అని నేను అడ్డం పడ్డాను. తీసిన దేశమే చాన్నాళ్లు ఆడనివ్వలేదట అని చదివి వినిపిస్తున్న పిల్ల నా వంక జాలిగా చూసింది. మా ఈడువాళ్లం బాన్సువాడ టాకీసులో దాన్ని ఏ వరసలో చూశామో తనకెలా తెలుస్తుంది?

అప్పట్లో మా మేనమామ అంటే బాన్సువాడకు సగం సైన్యం. యుద్ధం చూసి, పింఛనుతో తిరిగొచ్చిన మనిషి. ఆయన మీసాల మీద చెరో నిమ్మకాయ నిలుస్తుందని ఊరు అనేది; గుమ్మడికాయలైనా నిలిచేవని నేను ప్రమాణం చేస్తాను. బస్టాండు ముందు చాయ్ హోటల్లో ఆయన ముచ్చట మొదలుపెడితే నిజామాబాద్ బస్సు కూడా కదిలేది కాదు. వచ్చిన ఏడాది ఆయన చేతిలో చచ్చిన శత్రువులు నలుగురు. నిజాంసాగర్ నీళ్లు పారినకొద్దీ మా వరితోపాటు వాళ్ల దిగుబడీ పెరిగి, నేను పదో తరగతికి వచ్చేసరికి నలభై దాటారు. ఆ ముచ్చట్లను అందరికంటే గట్టిగా నమ్మినవాడు మా అన్న. ఫౌజులో చేరతానని, సోమవారం భర్తీకి వెళ్లడానికి సంచి సర్దేశాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకోవడమే గానీ, తోడబుట్టినవాడి మాటకు ఎదురు చెప్పలేకపోయింది.

సరిగ్గా ఆ వారమే టాకీసు సేటు, ఫైటింగుల సినిమా అనుకుని ఈ రీళ్ల పెట్టె తెప్పించాడు. తెర మీద ఎక్కడా లేని ట్యాంకును గోడల మీద ఎద్దుల కొట్టమంత వేయించాడు. ఆ సినిమా సిపాయిలను పిరికివాళ్లుగా చూపిందని నిజామాబాద్ నుంచి కబురు రాగానే ఊరి రక్తం ఉడికింది. ఇంటర్వెల్‌లో లేచి తెర చింపే పని, సహజంగానే, మామకు అప్పజెప్పారు. ఆదివారం మ్యాట్నీకి బాన్సువాడ మొత్తం, నస్రుల్లాబాద్ సగం, లంబాడీ తండాల ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మామ పక్కన అన్న, అన్న పక్కన నేను.

ఒకే పెట్టెను రుద్రూర్‌లోనూ ఇక్కడా ఆడించేవారు. అక్కడ పొద్దుటాట అయ్యాక డబ్బాలు స్కూటరు మీద రెండు విడతల్లో ఇక్కడికి రావాలి. ఆ రోజు రెండో సగం ముందే చేరింది గానీ, మొదటి సగం తెస్తుంటే దారిలో చెరుకు బండి బోల్తా పడి స్కూటరు ఆగిపోయింది. జనం కుర్చీలు విరుస్తుంటే సేటు తన దగ్గరున్న రెండో సగం ఎక్కించమన్నాడు. "ఏ సగమైతేంది? ఇంగ్లీషోళ్ల మాట మనకెవలికి సమజైతది?" అన్నాడట.

అలా మేము ముందు చావులు చూశాం. బురదలో పడి, ఖాళీ సీసా ఎత్తి చూపుతూ నీళ్లు, నీళ్లు అన్నట్టు పెదాలాడిస్తూ ఒక ఎత్తుపళ్ల కుర్రాడు చచ్చిపోయాడు. ఎవరో తెలియని పిల్లవాడు కాబట్టి ఈలలే వేశాం. ఇంటర్వెల్‌లో డబ్బాలు చేరాయి. ఆ తరవాత ఆడిన మొదటి సగంలో అదే కుర్రాడు లేచి, తల్లి తల దువ్వుతుంటే గునుస్తూ, నవ్వుతూ, సంచి భుజాన వేసుకున్నాడు. ముందు వరసలో ఒక అవ్వ లేచి నిలబడింది. "పోకు బిడ్డా, ఆడ నీకు నీళ్లు గూడ పొయ్యరు" అంది. తండా ఆడవాళ్లు తమ భాషలో అదే అన్నారని మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు కారిన కన్నీళ్లతో రెండెకరాలు నాటు పడేది.

మామ ఇంటర్వెల్‌లోనూ లేవలేదు, ఆట అయ్యాకా లేవలేదు. చివరికి ఊరివాళ్లే మెట్ల మీద పట్టుకుని, ఏందన్నా, తెర చింపుడు లేదా అని అడిగారు. ఆయన వాళ్లను కాదు, మా అన్నను చూశాడు.

"నేను ఒక్కణ్ని గూడ సంపలే అల్లుడా. మా సోపతిగాడు గట్లనే నీళ్లడిగిండు. నా తాన నీళ్లుండె. పోదామంటే భయమైంది. గంతే నా యుద్ధం. ఇగ పోతవో, ఉంటవో నీ ఇష్టం. నా ముచ్చట్లు నమ్మి మాత్రం పోకు."

ఎవరో నవ్వారు. ఎవరో పిరికోడన్నారు. చాయ్ హోటల్లో ఆయన కుర్చీ మర్నాటి నుంచే వేరేవాళ్లది అయింది. అన్న ఆ రాత్రి సంచి విప్పాడు, మళ్లీ సర్దాడు. సోమవారం వెళ్లాడు గానీ మీసం మెలేసి కాదు, అమ్మ కాళ్లు మొక్కి, భయపడుతూనే వెళ్లాడు. సెలవుల్లో వస్తే మామా అన్నా ఒక్క ముచ్చటా చెప్పుకోకుండా పొద్దుగూకేదాకా ఒకే మంచం మీద కూర్చునేవాళ్లు. పిరికోడన్న ఇళ్ల నుంచే, కొడుకులను ఫౌజుకు పంపిన తల్లులు, ఉత్తరం రావడం ఆలస్యమైతే మామ దగ్గరికి వచ్చేవారు. ఆయన ఇక అబద్ధం చెప్పడని వాళ్లకు తెలుసు.

టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలయింది. మామ లేడు. యుద్ధాలు మాత్రం అందరి జేబుల్లోకీ వచ్చాయి. చాయ్ తాగుతూ, ఫోనులో ఒక ఊరు కాలడాన్ని బొటనవేలితో పైకి తోసేసి, ఇంకో పదిని తగలబెట్టాలని గొంతు చించుకునే శూరులు మన సెంటర్లోనే వెయ్యి మంది ఉన్నారు. నాకు భయమైంది అని నలుగురిలో చెప్పగలిగిన మనిషి మాత్రం, ఎంత వెతికినా, ఒక్కడూ కనబడటం లేదు.