మయ్‌వోర్ ముగింపు మాట

మయ్‌వోర్ స్ట్రాండెల్ ముప్పై నాలుగేళ్ళు తీరప్రాంత రేడియోలో పనిచేసింది. బోత్నియా సముద్రం మీద తిరిగే పడవవాళ్ళకు గాలి ఎటు వీస్తోందో, మంచు ఎంత పేరుకుందో చెప్పి, చివర "క్లార్ట్ స్లూట్" అనేది. స్వీడన్‌లో రేడియో మీద ఆ మాట అంటేనే మాట్లాడటం ముగిసినట్టు. స్లూట్ అంటే అయిపోయింది అని, అంతే. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, చర్చిలో పెళ్ళి ప్రమాణం చేశాక కూడా నోరుజారి అదే అనేసింది. పెళ్ళికొడుకు రూనె కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడని మా దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రేడియో కేంద్రం మూసేశాక ఆమె ఫోనులో ఒక పేజీ తెరిచింది. పొద్దున్నే కాఫీ తాగుతూ గాలీ మంచూ వివరాలు రాసి, కింద ఆ రెండు మాటలూ పెట్టేది. ఆ పేజీ నడిపే కంపెనీ పేరు రాసి కాగితం పాడుచేయడం దేనికి? కంపెనీ అనుకుంటే చాలు. ఏటా వసంతంలో బడిపిల్లల్లో ఆడపిల్లలను పోగేసి, ఆపదలో రేడియోలో ఎలా మాట్లాడాలో నేర్పేది కూడా. రూనె పోయాక ఆమెను మంచం మీంచి లేపింది ఆ తరగతే.

ఒక మార్చి ఉదయం పేజీ మాయమైంది. దాని స్థానంలో ఊరంతా చదివేలా ఒక వాక్యం వెలిసింది: "స్త్రీలను అసభ్యంగా దూషించినందుకు ఈ వ్యక్తిని తొలగించాం." ఫొటో ఆమెది, పేరు ఆమెది.

పక్కింటి యోర్డిస్ చెప్పుల్లేకుండా మంచులో పరుగెత్తుకొచ్చింది.

"ఒసే మయ్‌వోర్, ఎవర్నే తిట్టావు? చెప్పకుండా తిట్టావా, నన్ను కూడా పిలిస్తే నేనూ నాలుగు తిట్టేదాన్ని కదే!"

"ఎవర్నీ తిట్టలేదే. వాయవ్యం గాలి అన్నాను. క్లార్ట్ స్లూట్ అన్నాను."

అసలు కథ అక్కడే ఉంది. స్లూట్ అని మనం రాసే అక్షరాలే ఇంగ్లీషులో ఇంకోలా పలికితే ఆడదాన్ని తిట్టే బూతు. రాతలు తనిఖీ చేసే కంపెనీ యంత్రానికి స్వీడిష్ రాదు, సముద్రం తెలియదు. సిగ్గు అంతకన్నా లేదు.

వారం తిరక్కుండా బడి ప్రధానోపాధ్యాయుడు ఫోన్ చేశాడు. "మీరంటే నాకు గౌరవమే. కానీ తల్లిదండ్రులు ఆ వాక్యం చూసి అడుగుతున్నారు. విషయం తేలేదాకా తరగతి ఆపుదాం" అన్నాడు. మయ్‌వోర్ సరేనని ఫోన్ పెట్టేసి, వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. లేచాక ముఖం కడుక్కుని కంపెనీకి ఉత్తరం రాసింది. "మా సిబ్బంది మీ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించారు. నిర్ణయం మారదు" అని జవాబొచ్చింది. సంతకం లేదు. సిబ్బంది అని మాత్రం ఉంది.

"ఈ సిబ్బందికి తల్లి ఏ పేరు పెట్టిందో కనుక్కుంటాను" అంది మయ్‌వోర్ పళ్ళు నూరుతూ.

మన గురించి కంపెనీ దాచుకున్నదంతా మనకు చూపమని అడిగే హక్కు చట్టం ఇచ్చింది, గడువు నెల. ఆమె రిజిస్టరు ఉత్తరంలో అడిగింది. లాగిన్ అయి చూసుకొమ్మన్నారు, లాగిన్ మూసేసింది వాళ్ళే. కాగితం మీదే కావాలని మళ్ళీ అడిగింది. ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టింది. మూడు చెరువుల నీళ్ళు తాగించి, జూన్‌లో మూడు అట్టపెట్టెలు వచ్చాయి.

చుట్టపు చూపుగా వచ్చే పడవల కోసం కట్టిన కొట్టంలో ఆమె, యోర్డిస్ ఆ కాగితాలు పరిచారు. శ్రద్ధగా చేసిన పరిశీలనకు పట్టిన సమయం అందులో ఉంది: సెకనులో సగం కూడా కాదు.

ఆరువందల పన్నెండో పేజీ దగ్గర యోర్డిస్ చదవడం ఆపేసింది. రూనె ఆస్పత్రిలో ఉన్నప్పుడు మయ్‌వోర్ తన పేజీలోంచి యోర్డిస్ ఒక్కదానికే రాసి పంపిన మాట అది: "ఇంటికి పోబుద్ధి కావడం లేదే. ఆయన లేని మంచం చూడలేను." దాని కింద కంపెనీ గుర్తు పెట్టుకుంది: "ఒంటరి. సులువుగా కొనిపించవచ్చు." ఆ వారమే తన ఫోనులో నిద్రమాత్రల, శవపేటికల ప్రకటనలు వరసకట్టింది ఎందుకో మయ్‌వోర్‌కు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా ఆమెకు కావలసింది న్యాయం. ఆ పేజీ తర్వాత పగ తీర్చుకుంటే తప్ప అన్నం సయించదని ఆమెకే తెలిసిపోయింది.

"కోర్టుకు లాగుతాను. కాని ముందు వాళ్ళ వంట వాళ్ళకే వడ్డిస్తాను" అంది.

సెప్టెంబరులో కంపెనీ తన స్వీడిష్ పేజీలో ఏదో సభ గురించి, టికెట్లు "స్లూట్" అని ప్రకటించింది, అయిపోయాయని. ఆ సాయంత్రం దీవిలోని నూటనలభై మందీ, చేపలు పొగబెట్టే ముసలాళ్ళతో సహా, స్త్రీలను దూషిస్తున్నారని ఫిర్యాదు మీట నొక్కారు. యంత్రం కంపెనీ పేజీనే మూసేసింది! నలభై నిమిషాల్లో మనిషెవరో పరుగెత్తుకొచ్చి తెరిచాడు. మయ్‌వోర్ ఆ నలభై నిమిషాలనూ ఫొటోలు తీసి దస్త్రంలో పెట్టింది. తనకోసం ఆరు నెలలైనా కదలని మనిషి, వాళ్ళకోసం కాఫీ చల్లారేలోపు దొరికాడన్నమాట.

ఒడ్డున పట్టణంలో కోర్టు. కంపెనీ తరఫున స్టాక్‌హోమ్ నుంచి లాయరు ఫోల్కె వచ్చాడు, పచ్చి స్వీడన్ మనిషే. ఆ మాట అసభ్యమనే అభిప్రాయం సహజమేనని గంటసేపు వాదించాడు. న్యాయమూర్తి గడియారం చూసి, "ఇక మీ స్లూట్‌ప్లెడేరింగ్ వినిపించండి" అంది. కోర్టు భాషలో చివరి వాదన అని అర్థం.

ఫోల్కె లేచాడు. "నా స్లూట్‌ప్లెడేరింగ్‌లో..."

"ఆగు నాయనా," మయ్‌వోర్ చెయ్యెత్తింది. "నిండు కోర్టులో ముసలిదాన్ని, నా ముఖం మీదే ఆ మాటంటావా? నిన్ను తొలగించాలి కదూ?"

న్యాయమూర్తి నవ్వు దాచుకోలేక కాగితాల వెనక్కి పోయింది. ఫోల్కె చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట పలక్కుండా వాదన ముగించబోయి మూడుసార్లు తడబడి, రాజీకి సిద్ధమని కూర్చున్నాడు.

మయ్‌వోర్ పరిహారం అడగలేదు. తన మీద నింద ఎన్ని రోజులుందో అన్ని రోజులు, అదే చోట క్షమాపణ ఉండాలంది. కింద సిబ్బంది అని కాదు, కంపెనీ అధిపతి పేరు ఉండాలంది. పేరు తర్వాత ఆ రెండు మాటలూ ఉండాలంది. ఆ తర్వాత ఆ మూడు పెట్టెల్లో ఉన్నదంతా కంపెనీ దగ్గర చెరిగిపోవాలి. ఇంకెవరైనా అయితే కనికరించేవారేమో, ఆమె ఒక్క అక్షరం తగ్గలేదు.

మరుసటి వసంతంలో తరగతి మళ్ళీ మొదలైంది. రేడియో పైన గోడకు ఆ క్షమాపణ చట్రం కట్టి వేలాడుతోంది. ఏడుగురు ఆడపిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండగా ఫోల్కె ఫోన్ చేశాడు.

"మీ పేజీ మళ్ళీ తెరవమని మావాళ్ళు ప్రత్యేకంగా అడుగుతున్నారండీ. మీలాంటివాళ్ళు ఉంటే మాకు..."

మయ్‌వోర్ ఫోన్ పిల్లల వైపు తిప్పింది.

"చెప్పండమ్మా, గట్టిగా."

"క్లార్ట్ స్లూట్!" అన్నారు ఏడుగురూ. ఆమె ఫోన్ కట్టేసి పాఠం అందుకుంది.