బొమ్మకు పొడుగు పళ్లు

బాణామతి, చేతబడి లేవని ముప్పై ఏళ్లు వేదికలెక్కి వాదించినవాణ్ణి. మంత్రగత్తెలని ముద్రపడిన ఆడవాళ్ల చరిత్రపై రెండేళ్ల క్రితం కరీంనగర్‌లో ప్రదర్శన తయారుచేశాను. కలలోకి నడిచినట్టుండాలని చీకటి గదిలో నీలి వెలుగు, వేపాకు పొగ పెట్టించాను. ఆ పొగలో తేలుతున్నట్టు ఓ మంత్రగత్తె కొయ్యబొమ్మ. నిర్మల్‌లో చెక్కించాను.

తెరిచే ముందు బోథ్ వైపు పల్లె నుంచి లచ్చవ్వను పిలిచి చూపించాను. అందులో చెప్పింది ఆమె కథే. వయసులో ఉండగా ఆమెను మంత్రగత్తె అన్నారు. మంత్రం పలకకూడదని ఊరివాళ్లు ముందుపళ్లు ఊడగొట్టారు. ఆమె వద్దంటే ప్రదర్శనే లేదు.

లచ్చవ్వ పొగలో మెల్లగా నడిచి బొమ్మ ముందు ఆగింది.

"గీమె ఎవలు బిడ్డా?"

"మంత్రగత్తె, అవ్వా."

కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మరి గింత పొడుగు పళ్లెందుకు పెట్టినవ్? నాకు ఉన్నయి గూడ ఉంచకపోతిరి."

ఆ ఊరివాళ్ల నడుమ నేనూ నిలబడి ఉన్నట్టనిపించింది.

ఆ పూటే బొమ్మ తీయించాను. ఇప్పుడు గది మధ్య ఎవరూ లేరు. "గిదే జేసింది, గిదే" అని పొగలోంచి నలువైపులా ఊరివాళ్ల గొంతులు వినిపిస్తాయి. మధ్యలో నిలబడాల్సింది చూడవచ్చినవాళ్లే. మొదట నిలబడింది నేను. బయటికొస్తే, మళ్లీ చూడవచ్చి బల్ల మీద కూర్చున్న లచ్చవ్వ నా ముఖం చూసి అంది:

"గిప్పుడు తెరువు బిడ్డా."