తగ్గిందని బిర్యానీ వండుకున్నాం

ఆ శుక్రవారం బట్టలు మార్చుకుంటుంటే ప్యాంటు జారిపోయింది. మా రూములో వంట చూసుకునే ఖాజా భాయ్ మేకు తెచ్చి నా బెల్టుకు కొత్త చిల్లు పెట్టాడు. "సన్నగైనవ్ రాజన్నా, పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్," అని నవ్వాడు. నేనూ మురిసిపోయాను. కుడి డొక్కలో బరువుగా ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

గల్ఫ్‌లోని ఈ అల్ వక్రాలో మా రూమువాళ్ళందరికీ కొలెస్ట్రాల్ అంటే భయం. కంపెనీ మెడికల్ రిపోర్టులు వచ్చాయంటే పరీక్ష ఫలితాల్లాగా ఒకరివి ఒకరు లాక్కుని చూస్తారు. ఆసారి నాది బాగా పడిపోయింది. "తినుడు మానకుంటనే తగ్గించిండు!" అని ఖాజా భాయ్ సంబరంగా బిర్యానీ వండాడు. నాకు నాలుగు ముద్దలు కూడా దిగలేదు.

తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. అల్ట్రాసౌండ్ చేసినవాళ్ళు సీటీ స్కాన్‌కు పంపారు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. లివర్ క్యాన్సర్. అడ్వాన్స్‌డ్. సర్జరీ కుదరదు, ఒంట్లో రోగనిరోధక శక్తిని లేపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు ఇస్తాం. నేను అడిగింది ఒక్కటే, ఇంటికి పోవచ్చా అని. "పొట్టలో నీళ్ళు చేరాయి. ఇవి తగ్గేదాకా విమానం ఎక్కొచ్చని ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ ఇవ్వలేను," అంది.

ఆమే నా పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ అంకె మీద పెన్ను ఆనించింది. "కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారు చేసేది లివరే. అది అలసిపోతే ఇవీ పడిపోతాయి. ముందు ముందు ఎలా ఉంటుందో అంచనా వేయడానికి ఇదొక ఆధారం. దీన్నొక్కదాన్నే చూసి ఏదీ తేల్చం." మేం పండగ చేసుకున్నది ఆ పడిపోవడాన్నే.

ఇంటికి ఫోన్ చేసి సుగుణకు చెప్పాను. మా ఆవిడ సగమే విన్నది. "అది పెరగాల్నంటే నెయ్యి తినరాదూ! ఆ దుబాయ్‌ల నెయ్యి దొర్కదా?" ఇది దుబాయ్ కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను. ఖాజా భాయ్ కూడా అదే పట్టు పట్టాడు. తర్వాతి రక్తపరీక్షకు ముందు వారమంతా కొవ్వు మటన్, నెయ్యి అన్నం. "తిను భాయ్, నంబర్ లేవాలె." కళ్ళు మూసుకుని తిన్నాను, నంబరు లేస్తే ఇంటికి పోతానని.

వాంతులు పట్టుకున్నాయి. ఇంజెక్షన్ వాయిదా పడింది. హెచ్‌డీఎల్ మాత్రం అంగుళం కదలలేదు. డాక్టరమ్మ కోప్పడలేదు. "నేను చూసేది మీ ప్లేటు కాదు, మీ లివర్," అంది. ఖాజా భాయ్ నెయ్యి డబ్బా మూత బిగించి, నాకు కనబడకుండా మంచం కిందికి తోశాడు.

ఇప్పుడు అందరూ డ్యూటీకి పోయాక రూములో నేనూ ఏసీ చప్పుడూ మిగులుతాం. తలుపుకు తాళం లేదు. గేటు దాకా నడిస్తే ఆయాసం. కిటికీలోంచి విమానాలు కనిపిస్తాయి, వాటి మీద నాకు పిచ్చి కోపం. పోయినసారి డాక్టరమ్మ, "హెచ్‌డీఎల్ పడటం ఆగింది, మంచిదే," అంది. ఫ్లైట్ సంగతి అడిగితే, "నీళ్ళు ఇంకా తగ్గనివ్వండి," అంది.

ఉబ్బిన పొట్టకు బెల్టు అందదు. కొత్త చిల్లుకు కాదు, చివరి చిల్లుకు అందినా చాలు, టికెట్ తీద్దామంటాడు ఖాజా భాయ్. రోజూ పొద్దున పెట్టుకుని చూస్తాను. ఈ పొద్దున కూడా అందలేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తిండి తగ్గించకుండానే మీ కొలెస్ట్రాల్ పడిపోయి, ఒళ్ళూ తగ్గుతుంటే, ఆ రిపోర్టు డాక్టరు ముందు పెట్టి "నా లివర్ ఎలా ఉంది?" అని అడగండి. మా రూములో అంతమందిమి ఉన్నాం. ఆ మాట అడగాలని ఒక్కరికీ తోచలేదు.