మీ అమ్మకు చెప్పు

నగరిలో కుప్పుస్వామి మరమగ్గాల చప్పుడు వీధంతా వినిపిస్తాది గానీ, ఆ ఇంట్లో మొగుడూ పెండ్లామూ మాట్లాడుకోవడం మాత్రం మూడేండ్లుగా ఒక్కరూ విని ఎరగరు. గొడవ యాడ మొదలైందంటే, పెండ్లాం పంకజాక్షి వాళ్ళన్న గృహప్రవేశంలో. వంటంతా ఆమే చేసింది. పంక్తిలో కూర్చున్న కుప్పుస్వామి, పెట్టింది తినేసి లేచిపోకుండా, పులుసులో ఉప్పెక్కువైందని అందరికీ వినపడేటట్టు అనేసినాడు. ఆ పూట నుంచి ఆమె అతనితో పలికితే ఒట్టు. పౌరుషంలో ఈ మహానుభావుడు మాత్రం తక్కువ తిన్నాడా? తనూ బిగుసుకున్నాడు.

మధ్యలో నలిగింది కూతురు మహిత. మీ అమ్మకు చెప్పు, కాఫీ కావాల. మీ నాయనకు చెప్పు, పాలు విరిగిపోయినాయి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా ప్రతి మాటా ఆ పిల్ల మీదుగానే పోవాల. ఆ పిల్ల తిరుపతికి ఉద్యోగానికి పోయినాక ఈ సంసారం ఆగిపోతాదనుకున్నారు ఇరుగుపొరుగు. ఎందుకాగుతాది, ఫోన్లు ఉండాయి కదా! కుప్పుస్వామి వసారాలోంచి తిరుపతికి ఫోన్ చేస్తాడు, తిరుపతి నుంచి మహిత వంటింటికి ఫోన్ చేస్తాది, కాఫీ వస్తాది.

పోయిన నెల వచ్చినప్పుడు మహిత నాయన కోసం ఒక ప్రోగ్రాం రాసి పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి పోయింది. చీర ఒంటి రంగు, అంచు రంగు చెబితే, నేయకముందే అది ఎట్లుంటాదో తెర మీద చూపిస్తాది. దాన్ని నడిపేదానికి గ్రేడిల్ అని ఇంకొకటి. గ్రేడిల్ రన్ అని కొడితే అది ప్రోగ్రామును కూర్చి, లేపి, నడిపిస్తాది.

ఈ పొద్దు చిత్తూరు నుంచి బట్టల వ్యాపారి షాకిర్ వచ్చి కూర్చున్నాడు. పెండ్లి చీరల ఆర్డరు. నచ్చితే నాలుగు మగ్గాలకూ పని, నచ్చకుంటే మధ్యాహ్నం బస్సుకు పుత్తూరు పోయి వేరేవాళ్ళకు ఇస్తానని ముందే చెప్పేసినాడు. అప్పటికే రెండు మగ్గాలు పనిలేక దుప్పటి కప్పుకొని ఉండాయి.

గ్రేడిల్ రన్ అని కొట్టినాడు. బూడిద రంగు చీర వచ్చింది. ఇది పెండ్లికి కట్టేదేనా అన్నా అని షాకిర్ నెమ్మదిగా అడిగినాడు.

రంగు చెప్పకపోతే అంతేనని గుర్తొచ్చి, ఈసారి రన్ పక్కనే ఒంటికి అరక్కు, అదే లక్క ఎరుపు, అంచుకు పసుపు అని చేర్చి కొట్టినాడు. తెర నిండా గోల. షాకిర్ చదివి చెప్పినాడు, అరక్కు అనే పని యాడా కనపడలేదని గ్రేడిల్ అంటా ఉండాదంట. పనేంది దాని మొగం, రంగు కదా! కుప్పుస్వామి మళ్ళీ కొట్టినాడు, పెద్దక్షరాల్లో కొట్టినాడు, గట్టిగా కొట్టినాడు. అదే పాట.

మహితకు ఫోన్ చేస్తే ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

"నాయనా, గ్రేడిల్ అంటే మనింట్లో నేనే అనుకో. నువ్వు ఊరికే ఉప్పెక్కువైంది అంటే నన్నే అంటా ఉండావనుకుంటా. మీ అమ్మకు చెప్పు అంటేనే కదా, అది నాకు కాదని మోసుకుపోయేది? ఊరికే అరక్కు అంటే గ్రేడిల్ కూడా అది తనకు చెప్పిన పనే అనుకుంటాది. దానికీ అట్లే చెప్పాల."

రన్ తర్వాత రెండు అడ్డగీతలు, వాటికి ఆనుకొని ఆర్గ్స్ అని, సమానం గుర్తు, ఆ పైన రంగులు రెండూ కలిపి కోట్స్‌లో పెట్టమంది. ఆర్గ్స్ అంటే మీ అమ్మకు చెప్పు, అమ్మంటే ఇక్కడ ఆ చీర ప్రోగ్రాము, కోట్స్‌లో ఉండేది చెప్పాల్సిన మాట. మీటింగుందని ఫోన్ పెట్టేసింది.

కొట్టినాడు. అరక్కు ఒళ్ళు, పసుపంచు, తెర మీద చీర ధగధగమనింది. కుప్పుస్వామి మీసం దువ్వుకున్నాడు.

తొందరపడినాడు. షాకిర్ పెదవి విరిచినాడు. పసుపంచు అందరూ నేస్తా ఉండారు, ఇంకేదన్నా చూపించమన్నాడు. ఆకుపచ్చ పెడితే ఊహూ, నీలం పెడితే ఊహూ. సంచి భుజాన తగిలించుకున్నాడు. ఆ ఇంట్లో రంగులు ఎంచే కన్ను పంకజాక్షిది. ఏ రంగు పక్కన ఏది పెట్టాలో ఆమె చెప్పాల్సిందే, అదీ మహిత మీదుగానే. కుప్పుస్వామి మహితకు ఫోన్ చేసినాడు. ఎత్తలేదు. మళ్ళీ చేసినాడు. ఎత్తలేదు. పంకజాక్షి మూతి బిగించుకొని వంటింటి గడపలోనే నిలబడి తెర వంక చూస్తా ఉండాది. షాకిర్ చెప్పులేసుకుంటా ఉండాడు.

కుప్పుస్వామి గొంతు సవరించుకున్నాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఏమే, అంచుకు ఏం రంగు పెట్టాల?"

ఆమె కొంగు సర్దుకొని, అటు తిరిగి, ఇటు తిరిగి, కడాన నోరు తెరిచింది.

"నెమలికంఠం."

కొట్టినాడు. షాకిర్ ఒంటి చెప్పుతోనే వెనక్కొచ్చి చూసినాడు. నాలుగు మగ్గాలకూ ఆర్డరిచ్చి పోయినాడు.

అతను పోయినాక ఇద్దరే మిగిలినారు. కుప్పుస్వామి తెర మీంచి చూపు తిప్పకుండా, ఆ పొద్దు పులుసులో ఉప్పు సరిగ్గానే ఉన్నిందని గొణిగినాడు.

"లేదు, ఎక్కువే అయింది," అనింది పంకజాక్షి. "నాకు తెలీకనా? అందరి ముందరా అంటివే, దానికి ఏడ్చినా."

అంతలో ఫోన్ మోగింది. అమ్మకేం చెప్పాలని మహిత అడుగుతా ఉండాది. పంకజాక్షి మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏం లేదులే. నీ పని నువ్వు చూసుకో."