బిక్షమ్మ దాటేసిన వాక్యం

కొత్తకోట నుంచి పాస్టరు నెలకు రెండు ఆదివారాలే వస్తాడు. మిగతా ఆదివారాలు ఆ వాడ మందిరంలో బైబిలు చదివేది బిక్షమ్మే. నలభై దాటాక వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఇప్పుడు అరవై. వినేది పదిహేనుమంది ఆడవాళ్లు, వారమంతా పల్లీ చేలల్లో కలుపు తీసేవాళ్లు. ఒక్కరికీ చదువు రాదు. బిక్షమ్మ నోట ఏది వస్తే అదే వాళ్లకు వాక్యం.

ప్రభువు చనిపోయి తిరిగి లేచిన పొద్దు సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు ఆ ముచ్చట శిష్యులకు చెప్పడానికి సంతోషంతో ఉరికారని మత్తయి రాశాడు. భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదని మార్కు రాశాడు. రెండూ పక్కపక్కన చూసుకున్న రోజు బిక్షమ్మకు అన్నం సయించలేదు. పాస్టరును అడిగితే విశ్వాసం సన్నగిల్లిందంటాడేమో! వీళ్లకు చదివి వినిపిస్తే మందిరానికి రావడమే మానేస్తారేమో! అప్పటినుంచి మార్కు చదివిన ప్రతిసారీ ఆ ఒక్క వాక్యం దాటేసింది. అట్లా ఆరేళ్లు.

ఈ ఏడు ఈస్టరుకు మనవరాలు మనీష వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. పండుగనాడు పాస్టరు కొత్తకోటలోనే ఉంటాడు కాబట్టి మందిరంలో మార్కు చదువుతున్నది బిక్షమ్మే; పిల్ల ఫోనులో బైబిలు తెరిచి అవ్వ వెంట చదువుకుంటోంది.

“అవ్వా, ఒక లైను ఇడిసిపెట్టినవ్,” అంది అందరిముందే.

బిక్షమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. చూపు ఆనలేదంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

“కావాల్ననే ఇడిసిన బిడ్డా. ఆరేండ్ల సంది ఇడుస్తనే ఉన్న,” అని, కళ్లద్దాలు పెట్టుకుని ఆ వాక్యమూ చదివింది, మత్తయి రాసిందీ చదివింది.



“ఇంకేమేం మింగినవ్ వదినె?” అంది ముందు కూర్చున్న సుక్కమ్మ.

“గిదొక్కటే. ఒట్టు!”

“ఒట్టు పెట్టుకోవద్దని నువ్వే సదివితివి గదా!”

ఆడవాళ్లు పకపకా నవ్వారు. బిక్షమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

“ఇగ నేను సదివేది మీరు నమ్మరు,” అంది.

“జర ఆగు. గా ఆడోళ్లు ఎందుకు చెప్పలేదంట?” అంది సుక్కమ్మ.

“భయపడి.”

“మరి నువ్వు ఆరేండ్లు ఎందుకు చెప్పకపోతివి?”

బిక్షమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“భయపడ్డనాడు నోరు లేస్తదా? తేరుకున్నంక చెప్పిండ్రేమో. చెప్పకుంటె గీ ముచ్చట మనదాంక యాడికెళ్లి వచ్చె?” అంది సుక్కమ్మ. “సదువు. ఇడువకుండ సదువు.”

ఇదే పూర్తి జవాబో కాదో బిక్షమ్మకు తెలియదు. మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని, ఈసారి అక్షరాల మీద వేలు పెట్టి, అధ్యాయం మొదటినుంచి చదివింది.

మరుసటి ఆదివారం పాస్టరు బండికి స్టాండు వేస్తుండగానే ఎదురెళ్లింది.

“అయ్యగారూ, యెరికో కాడ ప్రభువు చూపిచ్చిన గుడ్డోడు మార్కుల ఒక్కడు, మత్తయిల ఇద్దరు. ఒక్కడా, ఇద్దరా?”

“ఇప్పుడెందుకమ్మా అది?”

“లోపట పదిహేనుమంది అడుగుతున్నరు.”