మొయినాబాద్ దాకా నా స్టేషన్

మొన్న చేవెళ్లకు వెళ్లడానికి గచ్చిబౌలిలో ఫోను చేసి బండి పిలిపించుకున్నాను. ఇల్లు వచ్చాక దిగబోతే వెనక తలుపు తెరుచుకోలేదు. చిన్నపిల్లలు తెరవకుండా వేసే తాళమట. డ్రైవరు "సారీ మేడం" అంటూ దిగి వచ్చి తెరవడానికి అర నిమిషం కూడా పట్టలేదు గానీ, ఆ కాస్త సేపటికే నేను రెండు చేతులా అద్దం బాదేశాను. నలభై దాటిన మనిషిని, నా జీతం నేను తెచ్చుకునేదాన్ని, కారు తలుపుకు ఇంత హడలిపోవడమేమిటని నన్ను నేనే కోప్పడ్డాను. తరువాత బావ బండి గుర్తొచ్చింది.

బావ అంటే మా అమ్మకు అన్న కొడుకు. సాఫ్ట్‌వేరు పుణ్యమా అని మా వైపు భూములకు రెక్కలొచ్చిన రోజులవి. మామ రోడ్డు పక్క చేనును ఫాంహౌసు కట్టుకునే పట్నపాయనకు అమ్మి, కొడుక్కి తెల్లబండి కొనిచ్చాడు. దాన్ని నేను పనిచేసే కాల్ సెంటరుకే కిరాయికి పెట్టారు. అది ఊరికే కుదిరిన బేరం కాదు. "నౌకరి జేస్తే జెయ్యి గని, బావ బండిల పోవాలె, బావ బండిల రావాలె" అని మామ ముందే షరతు పెట్టాడు. నన్ను బావకిచ్చి చేయాలన్నది నేను ఓణీ వేసుకోకముందే అనుకున్న మాట. రోజూ ఒకే బండిలో తిరిగితే పిల్ల మనసు దానంతటదే మెత్తబడుతుందని పెద్దల లెక్క. లగ్గమయ్యాక నౌకరి మానేయాలన్నది కూడా వాళ్లే ఖాయం చేశారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. పోనీ బావ చెడ్డవాడా అంటే కాదు. అదే నా ఖర్మ. తాగుబోతో తిరుగుబోతో అయితే వద్దనడానికి ఒక సాకైనా దొరికేది.

పొద్దున చేవెళ్లలో ఎక్కేదాన్ని నేనొక్కదాన్నే. మిగతా ఆడపిల్లలు మొయినాబాద్‌లో ఎక్కేవారు. లగ్గం కాకముందు మరదలు ముందు సీట్లో కూర్చోవడం బాగుండదని నాది వెనక సీటు. ఆ వెనక తలుపుకు లోపలి పిడి విరిగిపోయి ఉండేది. బావ బయటి నుంచి వేస్తే వేసినట్టు, తీస్తే తీసినట్టు. బాగు చేయించమంటే "ఏమైతది, నేనున్న గద" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా ఊపిరాడేది కాదు. ఇక్కడ బండి తలుపు, అక్కడ ఇల్లు, రెంటికీ పిడి బయటి వైపే ఉన్నట్టుండేది.

అట్లాంటి రోజుల్లో కోఠీలో ఒక తోపుడుబండి మీద చవక పాటల డబ్బా కొన్నాను. బొటనవేలంత ఉంటుంది, సన్నబ్యాటరీ ఒకటి మింగుతుంది. దాంట్లోనే చిన్న రేడియో స్టేషన్ కూడా ఉందని అమ్మినవాడు చెబితే గప్పాలు కొడుతున్నాడనుకున్నాను. నిజమే. అందులో నంబరు పెట్టి పాట వేస్తే, అదే నంబరు మీదున్న పక్క రేడియోలోంచి ఆ పాట వస్తుంది. మర్నాడు బావ బండి రేడియోలో వినే స్టేషన్ నంబరు పెట్టి, చున్నీ కింద మీట నొక్కాను. చేవెళ్ల దగ్గర పట్నం స్టేషన్లు గురగురమంటూ అంతంతమాత్రంగా అందుతాయి కదా, నా డబ్బాదే పైచేయి అయింది. బావ పాట తెగిపోయి నా పాట మొదలైంది. బావ రేడియోను ఒక్కటి చరిచి ఊరుకున్నాడు. ఒకరోజు ఆఫీసువాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు పలుకుల పాఠం పెడితే, గేర్లు మారుస్తూ దాన్నీ బుద్ధిగా వల్లించాడు. నేను చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వాను. అయితే మొయినాబాద్ దగ్గరపడేసరికి పట్నం స్టేషన్ బలం పుంజుకుని నన్ను మింగేసేది. నా రాజ్యం అక్కడిదాకే.

వచ్చే ఆదివారం నిశ్చితార్థం అనగా నాకు తిండి సయించడం మానేసింది. అమ్మతో అంటే ఏడుపు, మామతో అంటే రెండిళ్లకూ రాకపోకలు బంద్. బావ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. డబ్బాలో మాట రికార్డు పట్టే మీట కూడా ఉంది. ఆఫీసు బాత్రూములో తలుపు వేసుకుని, గుసగుసగా పట్టాను. మర్నాడు నొక్కనా వద్దా అని దారంతా తటపటాయించి, మొయినాబాద్ ఇంకాస్త దూరముందనగా నొక్కాను. ముందు గురగుర, తరువాత బండి నిండా నా గొంతు. "బావా, నాకీ లగ్గం ఇష్టం లేదు. నీ మీద కోపం గాదు. నాకు నౌకరి జెయ్యాలని ఉన్నది..." అంతలో ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. దిగి పారిపోదామన్నా ఆ తలుపుకు పిడి లేదు. నా మాటలు నా మీదికే వస్తుంటే తల వంచుకుని కూర్చున్నాను.

బావ బండి ఆపలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. "ఇంకోపారి పెట్టు. లారీ మోతల సరిగ్గ ఇనపడలే" అన్నాడు.

అంటే మొదటి నుంచీ తెలుసన్నమాట. ఆ పాటలూ, ఆ ఇంగ్లీషు పాఠమూ అన్నీ తెలిసే విన్నాడన్నమాట. మళ్లీ నొక్కాను. ఈసారి సగం కూడా కాకముందే మొయినాబాద్ వచ్చేసింది. పట్నం స్టేషన్ విరుచుకుపడింది, నా గొంతు మునిగిపోయి ఎవరో సబ్బు ప్రకటన చెప్పుకుపోతున్నారు. బావ రేడియో కట్టేశాడు. "ఆఖరికి ఏమన్నవు?" అన్నాడు. ఇక డబ్బా దారి మూసుకుపోయింది. అవతల ఆడపిల్లలు బండి కోసం చెయ్యెత్తుతున్నారు. "నేను చెప్తె ఎవ్వరు ఇనరు బావా. నువ్వే వద్దను" అన్నాను, నా నోటితో, బావ వినేటంత గట్టిగా.

ఆ సాయంత్రమే తనకు ఈ సంబంధం వద్దని బావ ఇంట్లో చెప్పేశాడు. ఎందుకని ఎంత నిలదీసినా కారణం చెప్పలేదు. మామ చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదు. మా అమ్మయితే "నా బిడ్డకేం తక్కువరా" అని వాకిట్లో నిలబడి మేనల్లుడిని నానా మాటలూ అంది. నేను లోపల గిన్నెలు తోముతూ అన్నీ విన్నాను. బయటికొచ్చి నిజం చెబితే బావ నా కోసం మోసిన నిందంతా వృథా అయిపోతుంది. కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ తోముకున్నాను.

సోమవారం బండి ఎప్పటిలాగే వచ్చింది. నేను ఎక్కాను, బావ బయటి నుంచి తలుపు వేశాడు. ఆఫీసు ముందు ఆగాక అలవాటుగా ఆయన దిగుతాడని చూస్తూ కూర్చున్నాను. దిగలేదు. స్టీరింగు మీద చేతులు వేసుకుని, "ఇగ నువ్వే తీస్కో" అన్నాడు. తలుపుకు నల్లగా మెరుస్తూ కొత్త పిడి ఉంది. ఇన్నేళ్లలో ఎన్ని తలుపులు తీసుకుంటూ వచ్చానో గానీ, ఇప్పటికీ ఏ తలుపైనా కాస్త మొరాయిస్తే కాలం నన్ను మళ్లీ మొయినాబాద్ రాకముందు, ఆ పిడి లేని తలుపు పక్కన కూర్చోబెడుతుంది.