చల్లబడిన పొదుగు

ఈ ఉదయం ఒంటిమిట్ట దగ్గర ఒక పల్లెలో, రేకుల కొట్టంలో పడుకొని ఉన్న ఆవు పొదుగుకు నా చేతి వెనకవైపు ఆనించాను. చల్లగా తగిలింది. వెంటనే కంబగిరి డాక్టరు గుర్తొచ్చారు. పొదుగును అలా చూడమని నేర్పింది ఆయనే. పనిచేసి మొద్దుబారిన అరచేతికి వేడి సరిగా తెలియదనేవారు.

నేను కడపలో పుట్టి పెరిగినదాన్ని. పశువైద్యురాలిగా మొదటి ఉద్యోగం కోసిగి వైపు వచ్చింది. అక్కడ ఆయన నాకు పై అధికారి. ముక్కోపి, మాట కటువు. చేరిన వారంలోనే, పొదుగువాపు వచ్చిన ఆవు పాలను నల్లగుడ్డ మీద పిండించి, గుడ్డ మీద నిలిచిన తరకలు ఏమిటని అడిగారు. చీము అన్నాను, ముఖం చిట్లించి.

"చీము అంటే ఏందమ్మా? ఆవు రక్తంలోనించి కాపలాకొచ్చి, క్రిములతో కొట్లాడి చచ్చిపోయిన కణాలే గదా! ఆ వాపూ వేడీ చూసి బయపడొద్దు. ఆవు ఇంకా కొట్లాడతాండాదని గుర్తు" అన్నారు. చదువుకున్న సంగతే. కానీ ఆ రోజు నుంచి నేను చీమును అసహ్యించుకోలేదు.

పాలు పిండాక కొంతసేపు చనుకట్ల రంధ్రాలు తెరుచుకొనే ఉంటాయి. అప్పుడు ఆవు పడుకుంటే పేడలోని క్రిములు లోపలికి పోతాయి. అందుకే పిండగానే మేత వేసి దాన్ని నిలబెట్టమని ఆయన ఊరూరా చెప్పేవారు. వానల్లేక మనుషులే మిరపకోతలకు సుగ్గి అని వలస పోతున్న ఊళ్లవి. "మాకే మేత లేదు, దానికి యాడ తెచ్చేది సామీ?" అనేవాళ్లు. చివరికి ఆయనే ఆసుపత్రి వెనక బోరు కింద గడ్డి పెంచి, మోపు కట్టి బండి మీద తిప్పడం మొదలుపెట్టారు. "సూదులేసేది మాని గడ్డి అమ్ముతాండావేమప్పా?" అని ఆటపట్టించేవాళ్లు. "సూది నా చేతిలో ఉండాది. రోగాన్ని కొట్టే బలం దాని కడుపులో ఉండాల గదప్పా" అని కసిరేవారు.

ఏసమ్మ అనే ముసలామె ఉండేది. కొడుకూ కోడలూ సుగ్గి పోతే, బడికెళ్లే మనవరాలితో ఊళ్లో మిగిలింది. ఉన్న ఒక్క ఆవు పాలే ఇద్దరికీ ఆధారం. డొక్కలెండిన ఆ ఆవుకు పొదుగువాపు రావడం గోరుచుట్టుపై రోకటిపోటే. మందులు ఎక్కించి వచ్చాం. మర్నాడు పొద్దున్నే ఆమె రోడ్డు దాకా ఎదురొచ్చింది.

"దేవుడు నా మొర విన్యాడు సారూ! రేత్రంతా ప్రార్థన చేస్తి. కాలిపోతాండే పొదుగు సల్లబడింది!"

ఆయన చెయ్యి ఆనించి చూశారు. చనుకట్టు నీలంగా మారి ఉంది. ఆ శరీరం ఇక కొట్లాడటం మానేసిందని నాకూ అర్థమైంది. ఏసమ్మ సంతోషంగా మా కోసం టీ కాచింది, పాలు లేవు గనక ఉత్త డికాషనే. ఎవరినైనా ముఖం మీదే తిట్టే మనిషి, ఆ డికాషను చివరి చుక్క దాకా తాగారు. బండి దగ్గరికి పోయి మోపు విప్పారు.

"మేత పెట్టి చూద్దాంలే అవ్వా" అన్నారు.

ఆవు ముట్టలేదు. పొద్దుగూకకముందే పోయింది. "సల్లబడితే బాగయిందనుకొంటి గదా సారూ" అని ఏసమ్మ పదేపదే అంటూనే ఉంది. ఏడవను కూడా లేదు. అదే నేను భరించలేకపోయాను. తిరుగుదారిలో ఆయన బండి ఆపి, "రోగానికి మందిస్తి. కరువుకు యాడ సూది వేస్తునమ్మా?" అన్నారు. కొన్నాళ్లకు ఏసమ్మ ఇంటికి తాళం వేసి, మనవరాలిని తీసుకొని తానూ మిరపకోతలకు పోయింది. ఆ పిల్ల చదువు అంతటితో సరి.

ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లూ గడ్డి మోశారు. దాంతో ఏ ఊరి తీరూ మారలేదు. రిటైరయ్యాక ఎక్కువకాలం బతకలేదు కూడా. ఆయన దగ్గర నాకు ధైర్యం అబ్బలేదు, ఆశ అంతకన్నా లేదు. బండికి గడ్డిమోపు కట్టుకునే అలవాటు మాత్రం అంటుకుంది.

"నిన్న కాలిపోతాండె మేడమ్, ఇప్పుడు సల్లగా ఉండాది. గండం గడిచినట్లే గదా?" ఇక్కడ, ఈ రేకుల కొట్టంలో, ఆవుగలామె నా ముఖంలోకే చూస్తోంది.

నేను లేచి స్కూటర్ దగ్గరికి నడిచి మోపు విప్పాను.

"మేత పెట్టి చూద్దాంలే అమ్మా" అన్నాను.